ముప్పై బిందెల దూరం

పదకొండో పేజీ తియ్యమని
మళ్ళీ నేనే మూసెయ్యమన్నాను.
'మానవుడు - పరిసరాలు' అని అచ్చులో ఉంది.
ఆ మానవుడు ఎవరో, ఏ ఊరివాడో
ఇరవై ఏళ్ళుగా చెబుతున్న నాకే తెలియదు.

చీమకుర్తి, తొమ్మిది 'బి'.
కిటికీ ఊచల మీద రాతిపిండి.
పొద్దున తుడిస్తే
అన్నం గంటకి మళ్ళీ వేలిముద్రలు పడేంత.

వరండాలో బల్లగా వేసిన రాతిపలక ఒకటుంది
బీట పడిందని క్వారీవాళ్ళు వదిలేసింది.
నల్లటి నలుపు, లోపలెక్కడో పసిడి నలుసులు.
దాని చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టి
చేతికో సుద్దముక్క ఇచ్చి అడిగాను:
ఇది యాడిది?

"మా గుంటలోది మేడం" అన్నాడు మాల్యాద్రి.
గుంట అన్నాడు.
వాళ్ళ తాత దాన్ని జొన్నచేను అనేవాడట.
చోటు అదే, పేరే మారింది, రాసుకోండి అన్నాను.
ఎవరూ రాసుకోలేదు.
మంచిదే అనిపించింది.

మరి ఇక్కణ్ణించి యాడికి పోద్ది?
లారీ అన్నారు, రేవు అన్నారు, ఓడ అన్నారు
ఆపైన ఎవరికీ తెలియలేదు.
సుభానీ వాళ్ళ నాన్నది క్రేను పని.
"చైనాకంట మేడం! బాత్రూముల్లో పరుస్తారంట!"
వరండా అంతా నవ్వు.
మన జొన్నచేని అడుగు మీద
ఎవరో తడికాళ్ళతో నిలబడి తల తుడుచుకోవడం
కళ్ళకి కట్టి నేనూ నవ్వాను
కొంచెం ఆలస్యంగా.

రాయి వెళ్ళిన దారినే
మనుషులు ఎదురొస్తారు.
మీ ఊరి చుక్క పెట్టమంటే
సస్మిత పలక అంచుదాకా జరిగి
అంచు దిగి
వరండా గచ్చు మీద, చెప్పుల వరస పక్కన
గంజాం పెట్టింది.
రాయి చాల్లేదు మేడం, అంది
ఏడాదిలో నేర్చుకున్న తెలుగులో.
ఎంత దూరమే?
"తమ్ముడు రెండుసార్లు ఏడ్చి
మూడుసార్లు నిద్రపోయేంత."
నా పటంలో సెంటీమీటరుకి వంద కిలోమీటర్లు.
ఏడుపుకి కొలత రాయలేదు అందులో.

"మా ఇంటికి పంపు దగ్గరే మేడం" అంది యెస్తేరు,
"కానీ ముప్పై బిందెల దూరం."
తెల్లారి నాలుగింటికి లేస్తే
పదిహేను బిందెలకి తగ్గుద్దట.
మానవ భూగోళశాస్త్రం అని
బోర్డు మీద రాయబోయిన చెయ్యి
అక్కడే ఆగింది.
ఆ పిల్ల చెప్పేసింది కదా.

అప్పుడు పన్నెండు గంటల సైరను.
మాటలు ఆపి, అలవాటుగా
అందరం అరచేతులు పలక మీద ఆనించాం.
ఎక్కడో గుంటలో మందు పేలింది.
రాయి లోపల ఏదో వణికి
మోచేతులదాకా వచ్చి పోయింది.
"దానికి తెలుసు మేడం" అన్నాడు సుభానీ
ఏం తెలుసో చెప్పలేదు.

మళ్ళీ సుద్ద తీసుకుని మాల్యాద్రి
గబగబా ఓ గీత గీశాడు.
ఇటు మా బజారు, అన్నాడు.
అటు రేకుల షెడ్లు. అది ఊరు కాదు మేడం
పనోళ్ళు ఉండేది.
గీత నిటారుగా, ముచ్చటగా వచ్చింది.
వాడి చేతిరాత ఎప్పుడూ బాగుంటుంది.

ఏం అనాలో నాకు తోచలేదు.
హద్దులు, ఆవాసాలు, వలసలు
పరీక్షకి మూడేసి మార్కులకి చెబుతాను
వాడి మొహంలోకి చూసి మాత్రం
నోరు రాలేదు.

సస్మిత గీతని చెరపలేదు.
వంగి, చూసి, అడిగింది:
"బడి ఏ పక్క?"

మాల్యాద్రి సుద్ద ఎత్తాడు.
ఇటు పెట్టబోయాడు.
సస్మిత కూర్చున్న చోటు చూశాడు.
అటు జరిపాడు.
తన సంచీ ఉన్న చోటు చూసుకున్నాడు.
సుద్ద గాల్లోనే ఉంది
అన్నం గంట కొట్టేదాకా.

గుడ్డు కోసం అందరూ పరుగు.
వాడు మాత్రం కాసేపు ఆగి
గీత మధ్యలో
బొటనవేలితో కొంచెం తుడిచాడు
తలుపంత.

డైరీలో రాశాను:
మూడో పీరియడు, పదకొండో పేజీ.
పాఠం పూర్తి కాలేదు.