మనోడు

సోహార్ పోర్టు, మూడో నంబరు పోర్టా క్యాబిన్.
ఏసీ గురక పెడుతోంది.
పద్దెనిమిది మంది ఫోర్‌మన్లం, పేపరు కప్పుల్లో కరక్ చాయ్.
సేఫ్టీ క్లాసనుకుని వచ్చాం.

సురయ్యా అల్ బలూషీ బోర్డు మీద ఏమీ రాయలేదు.
తలా ఒక చీటీ పంచింది.
"ఈ నెల మంచి పని ఎవరికిచ్చారు? ఎందుకు?
ఒక్క మాట. మీ భాషలోనే రాయండి,
నేను చదవను."

పెన్ను నాకంటే ముందే రాసేసింది:
మనోడు.

అంతకు అరగంట ముందు
ఆ గదిలో అందరికంటే పెద్ద గొంతు నాదే.
ఒకే క్రేను, ఒకే ఎండ,
పాస్‌పోర్టు రంగును బట్టి జీతమేమిటని.
నిన్న దిగిన తెల్లోడికి పని నేర్పి
వాడికే సలాం కొట్టాల్సొచ్చిందని.
బల్లలు చరిచారు అందరూ.
చాయ్ కూడా తియ్యగా అనిపించింది.

ఇప్పుడు చీటీ మీద మూడక్షరాలు
నావైపే చూస్తున్నాయి.

ఎల్లేశ్ దిగిన రోజు.
మెట్‌పల్లి అవతల ఊరన్నాడు, ప్రాణం లేచొచ్చింది.
రిగ్గర్ కార్డు చేతికిచ్చాడు. దాన్ని తిప్పి కూడా చూడలేదు నేను.
"ఇంటిపేరు?"
చెప్పాడు. నాకది చాల్లేదు.
"అంటే, మీరేమోళ్లు?"
హెల్మెట్ పట్టీ సర్దుకుంటూ అన్నాడు:
"రిగ్గరోళ్లం సార్."

నవ్వాను. నాకు కావాల్సింది దొరికింది.
మర్నాటి నుంచి ట్యాంకులు కడిగే గ్యాంగు.
అలా వేయమని ఎవరూ చెప్పలేదు,
ఏ కాగితం మీదా రూలు లేదు.
జులై ఎండలో, నడుముకి తాడుతో,
ఇనప కడుపులోకి పదకొండు నెలలు దిగాడు.

రిగ్గింగుకి మాత్రం బావమరిది వరసవాణ్ణి పంపాను,
కార్డు లేకుండానే.
ఓ మధ్యాహ్నం స్లింగు తెగి పైపు పడింది.
కింద ఎవరూ లేరు గనక
రిపోర్టులోకి ఎక్కలేదు.

మెస్సులో ఎల్లేశ్ పళ్లెం వేరే అరలో ఉంటుంది.
ఎవరు పెట్టారని అడిగితే
అందరం కలిసి, ఇవాళ పప్పు బాగుందంటాం.

సురయ్యా చెబుతోంది:
వాళ్ల ముత్తాత మక్రాన్ నుంచి పడవలో వచ్చాడట.
బళ్లో పిల్లల్ని ఇప్పటికీ అడుగుతారట,
అసలు మీరెక్కడివాళ్లని.
"అడిగే గొంతు ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది" అంది.
నా కప్పు అడుగున చక్కెర గడ్డకట్టి ఉంది.

చీటీలు ఆమె వెనక్కి అడగలేదు.
జేబులో పెట్టుకున్నాను.
చెమటకి సిరా కారి
చొక్కా గుండె దగ్గర నీలిమచ్చ.

ఆ రాత్రి గ్యాంగు లిస్టు ముందేసుకుని
4417ని ట్యాంకుల కింద కొట్టేసి
క్రేను వరసలో రాశాను.
బావమరిది ఫోను మూడుసార్లు మోగింది.

పొద్దున ఎల్లేశ్ లిస్టు రెండుసార్లు చదివాడు.
"ఎవలన్న ఊరికి వోయిండ్రా సార్?"

లేదన్నాను.
ఇంకేదో అనాలి. నోట్లో ఉప్పు గాలి తప్ప ఏమీ లేదు.

అతను ఆగలేదు.
కుప్పలోంచి స్లింగు లాగి
వేళ్లతో నిమురుతూ పోయి
ఒక పోగు దగ్గర ఆగాడు.
"ఇది పనికి రాదు" అని
నా కాళ్ల ముందు పడేశాడు.