‘వ’ ఉన్నచోట ‘క’ చదువుకోండి

కొర్లగుంటలో చెంగల్రాయులు ప్రెస్సు.
మధ్యాహ్నం కరెంటు పోయినాక
మైదా బంక వాసన ఒక్కటే పనిచేస్తా ఉంటుంది.

గోడ వారగా ఆరువందల నలభై పెట్టెలు.
ఒక్కోదాంట్లో మడత అట్ట, నాలుగు చెక్క లారీలు,
తోతాపురి కాయలని మేము చెప్పుకునే పచ్చ పూసలు,
ఇరవైనాలుగు పుటల నియమాల పుస్తకం.
ఆ పుస్తకంలో నాది కాని అక్షరం ఒకటుంది.

‘ఆరు పడితే లారీ కదలాలి’ అని రాసినాను.
‘ఆరు పడితే లారీ వదలాలి’ అని అచ్చయింది.
మూడుసార్లు ప్రూఫు దిద్దింది నేనే.
కన్ను తనకు తెలిసింది చదువుకుంటా పోతుంది,
కాగితం మీద ఉన్నది కాదు.

ఫోన్లో చదివే పుస్తకాన్ని ఆ రాత్రే దిద్దేసినాను.
టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.
తప్పున్న చోట మచ్చయినా మిగల్లేదు,
నాకు భయం వేసింది దానికే.
అప్పటికే మూడువందల అరవై పెట్టెలు
పీలేరుకు, పుంగనూరుకు, పలమనేరుకు బస్సెక్కేసినాయి.
వాటికి నా రాత్రి సంగతి తెలీదు.

మదనపల్లెలో బావ చేతిలో పుస్తకం,
బావమరిది చేతిలో ఫోను.
ఆరు పడింది.
ఆట ఆగింది, ఆ పూట భోజనాలు కూడా ఆగినాయని విన్నాను.

మొదటి చీటీ ఇట్ల వేయించినాను:
‘11వ పుట, 4వ పంక్తి. ‘వ’ ఉన్నచోట ‘క’ చదువుకోండి.’
ఫోన్లో అట్టనూ లోపలి అట్టనూ కూడా లెక్కేస్తారు,
అక్కడ పదకొండో పుట వేరే పుట.
రెండోరోజు పుత్తూరు నించి ఒక పాప:
“‘మీ కంతు వచ్చినప్పుడు పాచిక వేయండి’
కంతు అంటే ఏందక్కా?”

పుట సంఖ్యలను నమ్మడం మానేసినాను.
నియమాలకు అంకెలు కట్టినాను.
ఏడో నియమం కాగితంలోనూ ఏడే, అద్దంలోనూ ఏడే.
ఫోన్లో పుస్తకం చివర
చెరిపేసిన తప్పును తెచ్చి మళ్ళీ రాసినాను,
పక్కనే ఒప్పు, కింద తేదీ.

అంతా కుదిరిందనుకున్నప్పుడు
బంగారుపాళ్యం నించి తులసీరాం ఫోను చేసినాడు.
నిజం లారీ తోలే మనిషి.
జూసు ఫ్యాక్టరీ ముందర రెండు రాత్రులుగా వరసలో ఉన్నాడంట,
క్లీనరు పిల్లోడితో, ఇంకో ఇద్దరు డ్రైవర్లతో
రోడ్డు వారన గోనెపట్టా పరిచి ఆడతా ఉన్నారంట.
“ఆ ఏడో నియమం భలే పెట్టినావు మ్మా.
ఎంత మంచి కాయ ఎక్కించినా
ఆరు పడితే పక్కోడికి వదిలేసి దిగాల్సిందే.
మా బండ్ల కతే.”

అది అచ్చుతప్పన్నా, అన్నాను.

చానాసేపు హారన్లే వినబడినాయి.
“అట్లనా,” అన్నాడు,
“అయితే మేం రెండు రాత్రులు ఆడింది ఏ ఆట?”

జవాబు దొరకలేదు.
రెండో చీటీలో మాత్రం ఒక పంక్తి పెరిగింది:
‘7. ఆరు పడితే లారీ కదలాలి.
7అ. వదలాలి అనే ఆడాలనుకుంటే
పాచిక ముట్టకముందే అందరూ ఒప్పుకోవాలి.’
ఫోన్లో కూడా అవే మాటలు, అదే తేదీ,
చుక్క కూడా తేడా లేకుండా.

“చీటీలో తప్పుంటే?” అన్నాడు చెంగల్రాయులు,
బంక గిన్నె నా వైపు తోస్తా.
చీటీ మీద చీటీ, అన్నాను.
“పుస్తకం లావైపోతుంది గదా.”
లావవనీ.

నాలుగువందల పన్నెండో పెట్టె మీద ఉన్నప్పుడు
కరెంటు వచ్చింది.
పైన ఫ్యాను తిరిగింది.
అంటించని చీటీలన్నీ ఒక్కసారిగా కదిలినాయి.
బంక చేతుల్తోనే అదిమి పట్టుకున్నాను.