పొల్లు కాడ తెంపకు

మక్తల్ బస్టాండుకు ఎదురంగ
నా జిరాక్సు దుకాణం.
పక్కన మిర్చి బజ్జీల బండి,
నా కాగితాలకు సుత ఆ నూనె వాసనే.

మేస్త్రీలు వస్తరు, మస్టర్లు ప్రింటు తీయించుకొని పోతరు.
ఆ సాఫ్ట్‌వేరు పైసలు పెట్టి కొన్నది కాదు.
ఎవరెవరో ఎక్కడెక్కడో కూసోని రాసి
ఊరి బాయి లెక్క విడిచిపెట్టిన్రు,
చేద ఉన్నోళ్ళు తోడుకోవచ్చు.

ఆ పొద్దు మొగులమ్మ
సిరా అంటిన వేలు గాల్లనే పట్టుకున్నది,
కాగితం మీద పెట్టలే.
"ఇది నా పేరు కాదు."
ఆమెకు అక్షరాలు రావు.
పేరును బొమ్మ లెక్క యాది పెట్టుకున్నది.
"కొసకు తల్లి కాళ్ళకాడ పిల్ల కూసున్నట్టు ఉంటది గద,
ఆ పిల్లేది?"

చూస్తే నిజమే.
గడి సన్నగున్నది, పేరు పొడుగున్నది.
మొగులమ్ ఒక వరుసల,
కింది వరుసల మ, ఒంటిగ.
సవారమ్ మ. కురుమమ్ మ. హనుమమ్ మ.
గడి అంచుకు తెగిపడ్డ ఏడుగురు ఆడోళ్ళు.
మొగోళ్ళల్ల ఎల్లప్ప సుత ఇరిగిండు
గని ఆయన చూసుకోలే, వేలేసి పోయిండు.

తొమ్మిది రాత్రులు షట్టరు సగం దించి
ఆ కోడు లోపటికి దిగిన.
ఇంగ్లీషు నాకు ఎండల కాలినడక,
ఒక్కో వరుస దాటెటాలకు చెమట.
ఆఖరికి దొరికింది:
తావు అయిపోతే తెంపు, అని ఉన్నది.
రాసినోళ్ళది వత్తులు లేని భాష,
తప్పెట్ల పట్టాలె?
నేను కలిపింది మూడే వరుసలు.
ముందట పొల్లు కనబడితే
ఆగు, తెంపకు,
కిందున్నది దీని బిడ్డె.

మా దిక్కు పొల్లంటే
చాటల చెరిగి పారబోసేది.
ఈడ మాత్రం గింజను పట్టుకున్నది అదే.

పంపిన నాలుగు దినాలకు జవాబు.
నా నోరు తిరగని పేరు ఆ మనిషిది.
తూకం గుండు వదిలి చూసే మేస్త్రీ లెక్క చూసిండు:
రెండో వరుస గోడకు బయటికున్నది, విప్పి కట్టు.
విప్పి కట్టిన.
మళ్ళ అడిగిండు, మరి పరీక్ష ఏది?
రేపు ఇంకెవరో వచ్చి ఒక ఇటుక జరిపితే
నీది పడ్డదని మాకెట్ల తెలుస్తది?
తెగొద్దన్న మాట ఒకటి రాసిపెట్టు.

ఏ మాట అని ఆలోచించలే.
చేతులే కొట్టినయి:
మొగులమ్మ.

కలుపుకున్నరు.

ఆమెకు చెప్తే "కూలెంత?" అన్నది.
ఏం లేదంటే జరసేపు చూసి
"బదులు పనా అయితే?
మరి వాళ్ళెప్పుడొస్తరు మన చేనుకు?"
వచ్చిన్రవ్వా, మనకంటె ముందే వచ్చి
చేసి పోయిన్రు, ఈ మిషన్ల ఉన్నదంత వాళ్ళ కష్టమే
అంటుంటే నారాయణపేట బస్సు హారను కొట్టింది.
సగం వినబడలే ఆమెకు.

నాసిక్ దిక్కు కాల్వ, ఒరిస్సాల కట్ట,
పేరు మర్చిపోయిన కొండ కింద సొరంగం.
ఆమె నెత్తి మీద తట్టలకు లెక్క లేదు.
ఏ రాయి మీద ఆమె లేదు.

ఇప్పుడు ఏ దేశంల ఎవరు
దాంట్ల చుక్కంత మార్పు చేసినా
యంత్రం ముందుగాల హాజరు పిలుస్తది.
మొగులమ్మ?
ఉన్నది. ఒక్క ముక్క.
ఆ తర్వాతనే తతిమ్మా పని.

కొత్త కాగితం మీద వేలు ఒత్తి,
గుడ్డకు తుడుచుకొని,
ఆధార్ జిరాక్సుకు రెండు రూపాయలు
వద్దన్నా గల్లా మీద పెట్టి పోయింది.

ఎల్లప్ప సుత అతుక్కున్నడు.
ఆయనకు ఇంక తెల్వది.