సగం పేరు

మ్వాంజాలో, సరస్సు ఒడ్డు సందులో నా మందుల కొట్టు.
తలుపు తీస్తే మందుల కన్నా ముందు
ఎండుచేపల వాసన పలకరిస్తుంది.

ఇక్కడ పట్టీ మొత్తం కొనేవాళ్ళు లేరు.
రెండు. నాలుగు. మరీ నొప్పైతే ఆరు.
కత్తెర పెట్టి కోసిస్తాను.
మందు పేరు సగం వాళ్ళతో వెళ్తుంది,
సగం నా అలమరలో ఉండిపోతుంది.
గడువు తేదీ ఎవరి వాటాకొస్తుందో
అది కత్తెర ఇష్టం.

ఎంబూకె ఒక మంగళవారం వచ్చింది.
చేతులకు పొలుసులు, భుజాన ఖాళీ గోనె,
కంగా గుడ్డ కింద ఏడో నెలో, ఎనిమిదో.
"తల పగిలిపోతోంది" అంది,
"వలల మీద చేపలు పరుస్తుంటే
కళ్ళముందు మిణుగురులు, పట్టపగలు."
చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగబడి ఉన్నాయి.
చూశాను.
చూసి, చిల్లర లెక్కపెట్టుకున్నాను.

ఆసుపత్రికి వెళ్ళమనొచ్చు.
వెళ్తే ఆ రోజు ఎండ పోతుంది,
ఎండ పోతే చేప కుళ్ళుతుంది,
సరుకు అప్పిచ్చిన పడవవాడు
ఎన్నో నెలని అడిగి వడ్డీ తగ్గించడు.
ఇదంతా ఆమె చెప్పలేదు.
మా అమ్మా ఆ వలల మీదే వంగి బతికింది, నాకు తెలుసు.
తెలిసినవాళ్ళం కనకే ఒకరినొకరం అడగం.

నాలుగు మాత్రలు. కత్తెర ఒక్కసారి చప్పుడు చేసింది.
"తిన్నాక వేసుకో" అన్నాను,
పెద్ద డాక్టరమ్మలా.

శనివారం నర్సు వచ్చింది, న్యామిజి,
మాటకు ముందు గొంతు సవరించుకునే మనిషి.
బల్ల మీద కాగితం మడత విప్పింది:
ఐదు వెండి రేకు ముక్కలు.
"ఆమె కొంగుముడిలో దొరికాయి.
మూర్ఛలొస్తున్నాయి. మాట లేదు.
ఏం మింగిందో మొగుణ్ణడిగితే తెల్లవంటాడు,
అత్త ఎర్రవంటుంది."

ఒక ముక్క మీద పేరుకు మొదలు లేదు,
ఒకదాని మీద చివర లేదు,
ఇంకోదాని మీద ఒకే ఒక్క అక్షరం, అదీ తలకిందులు.

నా కత్తెరకు నడుమ చిన్న నొక్కుంది.
పోయినేడు సీసా మూత తీయబోయి నేనే చేసింది.
ఎక్కడ కోసినా ఆ చోట రేకు
చీమ కొరికినట్టు చిట్లుతుంది.
రెండు ముక్కలకు ఆ కాటు ఉంది.

అలమర తీసి సగాలకు సగాలు ఆనించాం,
పగిలిన కుండ పెంకులు కలిపి చూసినట్టు.
రెండు పేర్లు లేచి నిలబడ్డాయి.
ఒకటి మంగళవారానిది.
రెండోది ఎప్పుడిచ్చానో నాకు గుర్తే లేదు.
మిగతా మూడూ వేరే కత్తెరలవి,
అంచులు నున్నగా, అమాయకంగా.

న్యామిజి పేర్లు రాసుకుంది. తిట్టలేదు.
తిడితే బాగుండేది.
బిడ్డ సంగతి తను చెప్పలేదు.
నేను అడగలేదు. మళ్ళీ.

ఇప్పుడు పొట్లం మీద బాల్‌పెన్నుతో
పేరు పూర్తిగా రాస్తున్నాను.
"నెల తప్పిందా?" అంటున్నాను,
కడుపు కనిపించని వాళ్ళను కూడా.
కొందరు నవ్వుతారు. కొందరికి కోపం.
మొన్నొక పిల్ల, పట్టుమని పదిహేడుండవు,
ఆ మాటకు ఉలిక్కిపడి
బల్ల మీది నాణెం వదిలేసి వెళ్ళిపోయింది.
సందు చివర ఇంకో కొట్టుంది.
అక్కడి కత్తెర ఏమీ అడగదు.

ఆ నాణెం గల్లాలో వెయ్యబుద్ధి కావట్లేదు.
మా ఆయన రోజూ పోరు పెడతాడు,
కత్తెరకు సాన పట్టించమని.
నొక్కు పోతుందని
పట్టించట్లేదు.