ఇది మీరేనా?

ఆఫీసు మెయిలు సొంత ఫోనులో కావాలంటే
ఒక మీట నొక్కాలట.
నొక్కేముందు చదవమన్నారు కాబట్టి
మధ్యాహ్నం విత్తనాల గోదాము మెట్టు మీద కూర్చుని
అక్షరం అక్షరం చదివాను.

తాళం ఆరంకెలది ఉండాలి.
పుట్టినరోజు పనికిరాదు, వరస అంకెలు పనికిరావు.
తొంభై రోజులకోసారి మార్చాలి.
పదిసార్లు తప్పు కొడితే అన్నీ పోతాయి.
అన్నీ అంటే మెయిళ్లా అని భువనేశ్వర్‌కి ఫోన్ చేసి అడిగాను.
అన్నీ అంటే అన్నీ మేడమ్, అన్నాడు సౌమ్యరంజన్.
పాపం, ఆ గొంతులో తప్పేమీ లేదు.

ఫోను నాది.
పర్లాకిమిడి బజార్లో పదకొండు వాయిదాల మీద కొన్నాను,
ఇంకా రెండున్నాయి.
మూల పగిలిన గాజు నాది, పగలగొట్టిన పిల్లా నాదే.
తుడిచే చెయ్యి మాత్రం
నేనెప్పుడూ చూడని ఊళ్లో ఉంది.

నొక్కాను.
నొక్కక ఏటి చేస్తాను,
లారీ బయల్దేరిన కబురు అందులోనే వస్తుంది మరి.

మొన్న పిల్ల ఆట కోసం ఏడుసార్లు తప్పు కొట్టింది.
ఎనిమిదోది కొట్టబోతుంటే లాక్కున్నాను.
అప్పట్నుంచి ఫోను కారండబ్బా పక్కన, పైఅరలో.

సాయంత్రం వంకాయలకని వంతెన దాటి పాతపట్నం వెళ్లాను.
ఇక్కడికంటే అక్కడ కిలోకి ఆరు రూపాయలు తక్కువ,
సరిహద్దు గురించి అంతకుమించి నాకు తెలీదు.
మహేంద్రతనయ సగం దాటానో లేదో ఫోను గుర్రుమంది:
కొత్త రాష్ట్రం నుంచి ప్రవేశం. ఇది మీరేనా?
నేనే.
వంకాయలు తూయించుకుని తిరిగొస్తుంటే
అదే వంతెన, అదే ప్రశ్న.
నేనేనమ్మా, నేనే.

ఒడియా బడిలో చదివి, తెలుగులో తిట్టుకుని,
హిందీలో జీతం అడిగేదాన్ని.
ఇన్నేళ్లలో ఇంత శ్రద్ధగా
నన్నెవరూ అడగలేదు.

గత నెల లింగరాజు మహారణా పని మానేశాడు.
మానేసినవాళ్ల దగ్గర కంపెనీ రహస్యాలు ఉండకూడదు, న్యాయమే.
ఆ రహస్యాలేమిటో నాకూ తెలుసు:
మొక్కజొన్న విత్తనం బస్తా ధర,
బరంపురం డీలరు ఎగ్గొట్టిన బాకీ.
గుణుపూర్ బండిలో, కాశీనగర్ దాటాక
వాడి ఫోను తెర నల్లబడి, మళ్లీ తెల్లబడింది.
మెయిళ్లు పోయాయి.
వాటితోపాటే వాళ్ల నాన్న చెక్కిన కొమ్ము కొంగలు,
వెంట్రుకంత మీసాల రొయ్యలు,
తోక విప్పీ విప్పని నెమలి.
ఒక్కోటీ అమ్ముడుపోయే ముందురోజు
కిటికీ గట్టు మీద నిలబెట్టి తీసుకున్న ఫొటోలు.
అసలువి ఎవరి అద్దాల బీరువాల్లో ఉన్నాయో.
ఆయన వేళ్లు ఇప్పుడు గ్లాసుని కూడా
రెండు చేతులా పట్టుకుంటాయి.

లింగరాజు ఫోను నా చేతిలో పెట్టాడు.
కొట్టులోంచి తెచ్చిన రోజున ఉన్నట్టే ఉంది.
స్వాగతం. భాష ఎంచుకోండి.
ఒడియా ఉంది, కొంచెం కిందకి జరిపితే తెలుగు ఉంది.
వాడి బొటనవేలు రెండింటి మధ్యా తిరుగుతూనే ఉంది.
ఏది నొక్కినా కొంగ రాదు కదక్కా, అన్నాడు,
మాట ఒడియాలో మొదలెట్టి
తెలుగులోకి వచ్చి ఆపేసి.

ఆ రాత్రి పిల్ల చేత
పాత లెక్కల పుస్తకం వెనకపేజీల్లో నంబర్లు రాయించాను.
గ్యాసువాడిది, బడిది, చీటీలు పాడే తారిణమ్మది,
వాళ్ల నాన్నది కూడా.
ఫోనుంది కదమ్మా, అంది.
ఉందే. రాయి.

ఇవాళ అంట్లు తోముతుంటే మళ్లీ గుర్రుమంది.
నేనే వంతెనా దాటలేదు.
గాలివాటుకి ఆంధ్రా సిగ్నలు
ఏటి మీదుగా వచ్చి మా వంటింట్లో దిగిందేమో.
ఇది మీరేనా?

మోచేతుల దాకా సబ్బు నురగ.
ఉండు,
కడుక్కుని చెప్తాను.