తాకట్టు చీటీ

ఆదివారం అయ్యగారు విమోచన అన్నారు, మూడుసార్లు.
పుళియాంతోపులో మా తెలుగు గుడి రేకుల కింద
ఆ మాట ఫ్యాను రెక్కలకు తగిలి
మళ్ళీ మా మీదే పడింది, ఉక్కతో పాటు.
నాకు తెలిసిన విమోచన ఒక్కటే:
స్ట్రహాన్స్ రోడ్డు మలుపులో సేటు కొట్టు,
ఇనుప జాలీ, జాలీ వెనక తక్కెడ,
అసలూ వడ్డీ కట్టి
వస్తువును విడిపించుకోవడం.

మా అమ్మ దుద్దులు నాలుగేళ్ళుగా ఆ జాలీ వెనకే ఉన్నాయి.
ముప్పై ఏళ్ళు కార్పొరేషన్ చీపురు పట్టి
ఈ పట్నం దుమ్మంతా తన ఊపిరితిత్తుల్లోకి ఊడ్చుకుని
ఆమె చేయించుకున్న ఒకే ఒక్క బంగారం.
తాకట్టు పెట్టింది నేను కాదు.
మా మరిది జకర్యా.
నేను ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో
ఎవరి బిడ్డకో గుడ్డలు మారుస్తుంటే
బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి తీసుకెళ్ళి
తాగేశాడు.

చీటీ మాత్రం దొరికింది, ఉతకబోయిన చొక్కా జేబులో.
ఆనాటి నుంచీ వడ్డీ నేనే కట్టాను.
మాట మానేశాను.
బల్ల దినాన రొట్టె పళ్ళెం నా దాకా వస్తే
పక్కామెకు అందించేశాను.
నలభై ఎనిమిది మొదటి ఆదివారాలు.
లెక్క నాకు బాగా వచ్చు.

త్యాగమంటే ఇదేననుకున్నాను కూడా,
కడుపులో పెట్టుకుని ఏమీ అడక్కుండా ఉండటం.
లెంటులో మాంసం మానాను, కాఫీ మానాను.
ఆ చీటీ మడత విప్పి చూసుకోవడం మాత్రం
మానలేదు.

గురువారం వడ్డీ పట్టుకుని వెళ్ళాను.
సేటు కొడుకు పుస్తకం తిప్పి తిప్పి
"ముడింజిదక్కా" అన్నాడు అరవంలో.
అయిపోయిందట. ఎవరో కట్టేశారట.
ఒళ్ళంతా చేపల వాసనట, తడి నోట్లట,
మిగతాదంతా పది రూపాయల బిళ్ళలట,
లెక్కపెట్టేసరికి కరెంటు పోయి మళ్ళీ వచ్చిందట.
నగ చేతికిస్తానంటే వద్దన్నాడట.
"వదిన వస్తుంది, ఆమెకే ఇవ్వు."

నా చీటీ మీద ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టాడు.
అది సిలువ అని నేననను.
సేటు కొడుకు రోజుకు ముప్పై కొడతాడు అలాంటివి.

కాశిమేడులో రాత్రి రెండింటికి
పడవలకు మంచు దిమ్మలు మోస్తున్నాడట, పదకొండు నెలలుగా.
నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదుగా.
నా కూతురు ఫెబకు తెలుసు.
"చిన్నాన్న అరచేతులు చూశావా అమ్మా?" అంది.
నాలుగేళ్ళుగా నేను అతని చెప్పుల వరకే చూశాను.

అద్దం ముందు నిలబడితే
చెవుల రంధ్రాలు పూడిపోయి ఉన్నాయి.
విడిపించి తెచ్చిన వస్తువుకు
నా ఒంట్లో చోటు లేదు.
ఫెబ సూది కాల్చి పట్టుకుంది.
నేను కిటికీ కమ్మీ పట్టుకున్నాను.
ఇవ్వడం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను గానీ
తీసుకోవడం ఇంత నొప్పి అని
ఎవరూ చెప్పలేదు.
కొంచెం నెత్తురు. దూది.

సాయంత్రం అతను గడపలో కూర్చుని
పగిలిన చేతులకు కొబ్బరినూనె రాసుకుంటున్నాడు.
క్షమించానని చెప్పాలేమో, వాక్యమేదైనా ఎత్తాలేమో.
నోరు తెరిస్తే వచ్చింది ఇదీ:
"తిన్నావా?"
లేదన్నాడు, నేలకేసి చూస్తూ.
ఎండు నెత్తళ్ళ పులుసు పోశాను.
ఉప్పు ఎక్కువైంది.
ఇద్దరం ఏమీ అనలేదు.

వచ్చే ఆదివారం బల్ల ఉంది.
పళ్ళెం ఏ వరసలోంచి ఏ వరసకు వస్తుందో
చూసి కూర్చోవాలి.