కమాన్ కట్ట

ఆటోనగర్‌లో మూడో రోడ్డు చివర
నాగూర్ మీరా మేస్త్రి షెడ్డుకి
పొద్దున్నే ఒక లారీ ఎడంపక్కకి ఒరిగి వచ్చింది,
పంటి పోటుతో దవడ పట్టుకున్న మనిషిలా.

"మిర్చే బాబాయ్, గుంటూరు యార్డు సరుకు.
ఒక్క టిక్కీ ఎక్కువుంటే ఒట్టు" అన్నాడు ఏసుపాదం.
మేస్త్రి పలకలేదు.
జాకీ పెట్టి యూ బోల్టులు నేను విప్పాను.
పదకొండు పట్టీలు,
పైది పొడుగు, కిందికి పోను పోను పొట్టి.
మూడోది విరిగి ఉంది.

విరిగిన ముఖం ఎండకి తిప్పి చూపించాడు:
సగం నలుపు, తుప్పు.
సగం ఉప్పుగల్లులా గరుకు మెరుపు.
"ఈ మెరుపు రాత్రిది.
నలుపున్న మేర ఎప్పుడో పోయింది, పోయినేడో, ఆ పైయేడో.
అప్పట్నుంచీ మిగిలిన సగమే మోసింది,
కిక్కురుమనకుండా."

మిర్చి కింద చీమకుర్తి రాళ్ళున్నాయని
రెండో టీకి ఒప్పుకున్నాడు ఏసుపాదం.

నేను పనిలో చేరిన రోజు
మేస్త్రి ఒక రబ్బరు దిమ్మ పక్కన సుద్దతో
నిలువు గీతలు గీసి, రెండు చేతులా వంచాడు.
పైన గీతలు ఎడం జరిగాయి.
కింద గీతలు ఇరుక్కున్నాయి,
రేషన్ కొట్టు ముందు ఆడవాళ్ళలా.
"నడుమ చూడరా."
నడుమ ఒకచోట, ఎంత దూరంలో గీశాడో అంతే దూరం.
సాగలేదు, నలగలేదు,
ఊరికే వంగింది.

ఆ రాత్రి దిబ్బరొట్టె వంచి చూశాను.
పైన పగిలింది.
అమ్మ నెత్తిన మొట్టింది.

కొత్త పట్టీ కొలిమిలో పండుమిరప రంగుకొచ్చింది.
సమ్మెట నాది, పట్టుకారు ఆయనది.
నూనె తొట్టిలో అది అరిచిన అరుపుకి
పక్క షెడ్డు పిల్లి ఇప్పటికీ అలవాటు పడలేదు.

మాకు కాటాతో పని లేదు.
టన్నుకి అరవేలు దిగుతుంది చట్రం,
రెండు టన్నులకి వేలు, నాలిగింటికి రెండు వేళ్ళు.
దించేస్తే అంతా తిరిగి లేస్తుంది.
ఇనుమంత నిజాయితీగా అప్పు తీర్చేవాణ్ణి
నేను చూళ్ళేదు, ఒక హద్దు దాకా.
ఆ తర్వాత దిగింది దిగినట్టే.
ఆ హద్దు ఎక్కడని అడిగితే
మేస్త్రి నడుం మీద చెయ్యి వేసుకుని
"దాటాక తెలుస్తుంది" అన్నాడు.
లేవడానికి నా భుజం పట్టుకున్నాడు.

చీకటి పడ్డాక తాడేపల్లికి పోతూ
వారధి మీద సైకిలు దిగాను.
పక్కనుంచి లోడు లారీ ఒకటి పోయింది.
కాళ్ళ కింద వంతెన వెంట్రుకవాసి దిగింది.
లేచింది.
ఇంకోటి. దిగింది. లేచింది.
లెక్క తప్పేదాకా నిలబడ్డాను.

నలుపు ఎక్కడైనా మొదలైందేమోనని
కమ్మీ మీంచి వంగి చూస్తే,
కృష్ణలో దీపాలు,
సాగుతూ,
ముడుచుకుంటూ.